నేను చెయ్యని రెండు పరీక్షలు

ఆ గురువారం ఉదయం పదిన్నరకు చీఫ్ ఇంజనీరు గదిలో ఉన్నవాళ్ళం ఐదుగురం. చీఫ్ ఇంజనీరు, చీఫ్ కెమిస్టు, లేబర్ ఆఫీసరు, ఎవాపరేటర్ మీద పనిచేసే ఆపరేటరు, నేను. మొదటి ముగ్గురూ కూర్చున్నారు. ఆపరేటరు నిలబడ్డాడు. నాకు కుర్చీ చూపించారు గానీ నేనూ నిలబడే ఉన్నాను. బల్ల మీద ఉన్నవి నాలుగు: ల్యాబ్ రిజిస్టరు, బాయిలర్ హౌస్ లాగ్‌బుక్కు, బాయిలరులోంచి తీసిన నీళ్ళ సీసా, ఎవరూ ముట్టుకోని టీ కప్పుల ట్రే. సీసాలో నీళ్ళు పలచటి బెల్లం పానకంలా ఉన్నాయి. బాయిలరు నీళ్ళు అలా ఉండకూడదు.

రిజిస్టరులో మంగళవారం పేజీ తెరిచి ఉంది. మధ్యాహ్నం మూడు గంటల గడిలో ‘లేదు’. నాలుగు గంటల గడిలో ‘లేదు’. రెండు చోట్లా నా పొట్టి సంతకం.

ఆ రెండు ‘లేదు’లూ అబద్ధం. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసనుకున్నాను.

ఇది అరవైల నాటి మాట. బోధన్ ప్రాంతంలో చెరుకు ఆడే రోజులు. నాకు ఇరవై ఐదేళ్ళు. నిజామాబాద్‌లో మిషన్ బడిలో చదువుకుని, హైదరాబాద్‌లో బీఎస్సీ చేసి, చక్కెర పరిశ్రమలో శిక్షణ పొంది, షిఫ్టు కెమిస్టుగా చేరి రెండేళ్ళయింది. ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మీకు మీటర్లు, గంటలు, ఎర్రలైట్లు ఉన్నాయి. మాకు ఒక పరీక్షనాళిక, రెండు సీసాలు ఉండేవి. ఆ పరీక్ష సంగతి కొంచెం చెప్పకపోతే మిగిలింది మీకు అర్థం కాదు.

చెరుకు రసాన్ని ఆవిరితో మరిగించి చిక్కబరిచే పెద్ద పాత్రల వరుసే ఎవాపరేటర్. రసాన్ని వేడిచేసిన ఆవిరి చల్లారి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు మళ్ళీ బాయిలరుకే పోతాయి. రసం పొంగి ఆ నీళ్ళలో కలిసిందంటే చక్కెర బాయిలరులోకి చేరుతుంది. బాయిలరు నురగ కక్కుతుంది, గొట్టాలు మాడతాయి. అందుకని గంటగంటకూ కెమిస్టు ప్లాట్‌ఫారం ఎక్కి, ఆపరేటరు కుళాయి తిప్పి ఇచ్చిన నీళ్ళు తెచ్చి, నాళికలో ఒక మందు చుక్కలు వేసి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను అంచు వెంబడి నెమ్మదిగా జారవిడుస్తాడు. చక్కెర ఉంటే రెండు పొరల మధ్య ఊదారంగు ఉంగరం తేలుతుంది. అప్పుడు ఆపరేటరు ఆ నీళ్ళను బాయిలరుకు పోనివ్వకుండా మోరీలోకి మళ్ళిస్తాడు. పరీక్షకు మూడు నిమిషాలు. ప్లాట్‌ఫారానికి ఇరవై ఆరు మెట్లు.

ఆ సీజన్‌లో అంతకుముందు రెండు నెలలుగా ఉంగరం ఒక్కసారీ కనబడలేదు. ల్యాబ్‌లో ఎవరూ పైకి చెప్పని అలవాటు ఒకటి పుట్టింది. రెండేసి గంటల గడులు ముందుగానే ‘లేదు’ అని నింపేసి, పరీక్ష తీరికున్నప్పుడు చేసేవాళ్ళం. ఆ మంగళవారం నాకు తీరిక ఉంది. అయినా ఆ ఇరవై ఆరు మెట్లూ ఎక్కలేదు. నాలుగున్నరకు బాయిలరు నురగ కక్కింది. దాన్ని ఆపేశారు. ఇరవై గంటలు మిల్లు నిలిచిపోయింది. గేటు బయట చెరుకు బండ్లు రోడ్డంతా బారులు తీరాయి. కొట్టిన చెరుకు ఎండుతుంటే రైతులు తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో తిట్టారు. మూడు భాషల్లోనూ తిట్లు నాకు బాగానే అర్థమయ్యాయి.

“మూడింటికి, నాలుగింటికి పరీక్ష చేశారా?” అని చీఫ్ కెమిస్టు నన్ను అడిగారు. ఆయనది కోస్తా. అందరినీ ‘మీరు’ అనేవారు.

“చేశాను సార్.”

చీఫ్ ఇంజనీరు ఆపరేటరు వైపు తిరిగారు. “విన్నావా? నాలుగు దాకా నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నాలుగున్నరకు బాయిలరు పోయింది. ఆ అరగంటలో అంత రసం పొంగుతుంటే నువ్వేం చేస్తున్నావు? నిద్రపోయావా?”

“నిద్రపోలే సార్. మూడింటి సంది కొద్దికొద్దిగ పోయినట్టున్నది. అది కండ్లకు కనబడది. ల్యాబోళ్ళు చెప్తేనే మాకు ఎర్కైతది.”

“ల్యాబ్ వాళ్ళు లేదని రాశారు కదా!”

ఆపరేటరు రిజిస్టరు వైపు చూడలేదు. నావైపు చూశాడు. నేను టీ కప్పుల వైపు చూశాను. ఆ గదిలోనే ఆయన్ని సస్పెండ్ చేశారు. బర్తరఫ్ ఉత్తర్వు పై ఆఫీసు నుంచి రావడమే తరువాయి అన్నారు. నలభై దాటిన మనిషి, పద్నాలుగేళ్ళ సర్వీసు.

నేనెందుకు మెట్లు ఎక్కలేదో కూడా చెప్పాలి. ఆపరేటరుది ఎడపల్లి దాటాక ఒక చిన్న పల్లె. కాపు కుటుంబం, కొంత చెరుకు, కొంత వరి, కొంత జొన్న. ఫ్యాక్టరీలో అందరూ ‘పటేలా’ అని పిలిచేవాళ్ళు. జనవరిలో షిఫ్టు వాళ్ళందరినీ ఊసబియ్యానికి తన పొలానికి పిలిచాడు. లేత జొన్న కంకులు నిప్పుల్లో కాల్చి, చేత్తో నలిపి, వేడివేడిగా తినడం. ఏడుగురం వెళ్ళాం. బాగా తిన్నాం, బాగా నవ్వుకున్నాం. దాహమైంది. ఆయన తల్లి ఇత్తడి చెంబు, గ్లాసు తెచ్చి ఆరుగురికి గ్లాసుతో ఇచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆపరేటరు ఏదో చెవిలో చెప్పాడు. ఆమె గ్లాసు పక్కన పెట్టి, “దోసిలి పట్టు బిడ్డా” అంది. పైనుంచి పోసింది. నేను తాగాను.

ఆ ‘బిడ్డా’లో ఏ కోపమూ లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. మా తాత కాలంలో మా వాడకట్టు క్రైస్తవంలోకి వచ్చింది. నేను బీఎస్సీ. పల్లె లెక్కలో ఆ రెండూ కలిసి ఒక గ్లాసు కాలేకపోయాయి. అంతకు రెండు రోజుల ముందు ఆ ఆపరేటరే నా బల్ల మీద నా సీసాలోంచి సోడా తాగాడు.

అప్పటి నుంచి నేను ప్లాట్‌ఫారం ఎక్కడం మానేశాను. నమూనాలు తెచ్చే కూలీ ఒకాయన ఉండేవాడు, ఆయన్ని పంపేవాణ్ణి. మంగళవారం ఆ కూలీ సెలవు.

విచారణ అయిన రోజు ఇంటికి వచ్చి మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. అబద్ధం రాశాను, అబద్ధం చెప్పాను, క్షమించు అన్నాను. మనసు తేలికైంది. నిజంగానే తేలికైంది. దేవుడికి అర్జీ ముట్టింది, పని అయిపోయిందనుకున్నాను. అర్జీ నకలు పంపవలసిన చోటు ఇంకొకటి ఉందని తోచలేదు. లేక తోచకుండా చూసుకున్నాను.

మా సంఘం చిన్నది. రేకుల షెడ్డులో ఆరాధన. ప్రభు భోజన సంస్కారం తీసుకునేవాళ్ళు ముప్పై నలుగురు. పాస్టరు అయ్యగారు నిజామాబాద్ నుంచి నెలకోసారి శనివారం బస్సులో వచ్చి, మధ్యాహ్నం సిద్ధపాటు కూటం పెట్టి, ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్ళేవారు. ఆయనది ఇందల్వాయి వైపు. సిద్ధపాటు కూటంలో మాకొక పద్ధతి ఉండేది. అయ్యగారు ఒక్కొక్కరినీ పేరు పెట్టి, “అందరితోని సమాధానమేనా?” అని అడుగుతారు. సమాధానమంటే మా మాటల్లో సయోధ్య, ఎవరిమీదా పగ లేకపోవడం. “సమాధానమే అయ్యా” అంటే పేరు పక్కన గుర్తు పడుతుంది. ఎవరితోనైనా పగో తగాదానో ఉంటే “కాదయ్యా” అని చెప్పి, మర్నాడు రొట్టె తీసుకోకుండా వెనక చాప మీద కూర్చోవాలి. అందులో చిన్నతనం లేదు. అబద్ధం చెప్పడమే చిన్నతనం. ఆ పేర్ల పట్టిక రాసేది, గుర్తులు పెట్టేది సంఘ కార్యదర్శి. కార్యదర్శిని నేను.

విచారణ జరిగిన తొమ్మిది రోజులకు సిద్ధపాటు శనివారం వచ్చింది. అయ్యగారు అడుగుతున్నారు, నేను గుర్తులు పెడుతున్నాను. బీడీలు చుట్టే ఒకామె వంతు వచ్చింది.

“సమాధానమే అయ్యా. గని మా పక్కింటామె కోడి మా గడప తొక్కద్దు.”

“గట్లయితే సమాధానం కాదమ్మా.”

“కోడితోనే అయ్యా. ఆమెతోని సమాధానమే.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరి పేరు నాది. అయ్యగారు అడగక ముందే కలం పట్టుకుని పట్టిక మీదికి వంగాను. నా పేరు పక్కన గుర్తు అప్పటికే ఉంది.

శుక్రవారం ఇంట్లో కూర్చుని గీతలు కొట్టి, పేర్లు రాసి, అలవాటుగా నా గడి నింపేశాను. మిగిలిన ముప్పై మూడు గడులూ ఖాళీగా ఉంచాను. నాది మాత్రం ముందే ‘లేదు’. అదే చెయ్యి, అదే సిరా, అదే పొట్టి గీత. ల్యాబ్ రిజిస్టరు వేరు, సంఘం పట్టిక వేరు అని అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను.

“అందరితోని సమాధానమేనా?”

“కాదయ్యా,” అన్నాను.

బీడీలు చుట్టే ఆమె నావైపు జాలిగా చూసింది.

కూటం అయ్యాక అయ్యగారు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టుకున్నారు. అంతా చెప్పాను, వరుస తప్పకుండా.

“దేవునికి చెప్పినవా?”

“ఆ దినమే చెప్పిన అయ్యా. క్షమించిండనిపించింది.”

“క్షమించే ఉంటడు. గని సస్పెండైంది ఆయనా?”

తర్వాత దోసిలి సంగతి చెప్పాను. “ముందు ఆయన నన్ను అడగాలె గద అయ్యా. తప్పు ముందు ఆయనదే.”

అయ్యగారు తన చేతులు చూసుకున్నారు. “నాకు గూడ పోసిండ్రు. బస్సు దిగిన ప్రతి ఊర్ల పోసిండ్రు. పెద్ద తప్పే. నేను కాదంటలేను. ఆ తప్పు చిన్నదని నీతోని ఎవలన్న అంటే ఒప్పుకోకు.” నావైపు తిరిగారు. “గని నువ్వు దానికి శిక్ష ఏసినవ్. ఆయన నౌకరి తీసేసినవ్. దోసెడు నీళ్ళకు నౌకరి. నీ లెక్కల అది సరిపోయిందా, ఇంకేమన్న మిగిలిందా?”

“నేను కావాలని...”

“కావాలని చెయ్యలే. చేసినంక కావాలని ఊకున్నవ్.”

ఆయన లేచి చొక్కా దులుపుకున్నారు. “రోజూ ప్రార్థనల ఏమడుగుతున్నం? మేం మందిని ఎట్ల ఇడిచిపెడ్తున్నమో మమ్ముల గూడ గట్లనే ఇడిచిపెట్టుమంటున్నం. గా మాట జర చూసి అను బిడ్డా. దేవుడు నిజంగ గట్లనే చేస్తే మనల ఒక్కడు మిగలడు.”

ఆదివారం వెనక చాప మీద కూర్చున్నాను. అక్కణ్ణుంచి సంఘం మొత్తం వీపులే కనబడతాయి. ఆలోచించుకోవడానికి మంచి చోటు. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది ప్రశ్న. ముందు ఆపరేటరు దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగితే, ఆయన ‘సరే’ అంటే, ఫ్యాక్టరీలో చెప్పవలసిన పని ఉందా అన్న ఆలోచన నాకు తప్పక వస్తుంది. నన్ను నేను అంతమాత్రం ఎరుగుదును. కాబట్టి ముందు కాగితం, తర్వాత మనిషి.

సోమవారం ఉదయం ఐదు అంశాలుగా రాసిన రెండు పేజీలు చీఫ్ కెమిస్టు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

“ఇప్పుడెందుకండీ ఇది? అది ముగిసిపోయింది.”

“ఇంకా ఉత్తర్వు రాలేదు సార్.”

“గడులు ముందే నింపేది మీరొక్కరే అనుకుంటున్నారా? ఈ కాగితం పైకి వెళితే ల్యాబంతా బోనెక్కుతుంది. నాతో సహా.”

“మిగతావాళ్ళ గురించి ఒక్క మాటా రాయలేదు సార్. నా రెండు గడుల గురించే రాశాను.”

“మీ చర్చిలో ఏదో అన్నారట కదా. చర్చి సంగతులు ఫ్యాక్టరీలోకి తేకూడదండీ.”

“రిజిస్టరు ఫ్యాక్టరీదే సార్.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపమో, నవ్వో తెలియలేదు. “మీ షిఫ్టు బాధ్యత పోతుంది, తెలుసా?”

“తెలుసు సార్.”

“వెళ్ళండి,” అన్నారు. కాగితం మాత్రం సొరుగులో పెట్టలేదు. పైకి వెళ్ళే ఫైలులో పెట్టారు. ఆ మర్యాద నేను మరిచిపోలేదు.

నా షిఫ్టు రెండింటికి. సైకిలు తీసుకుని ఎడపల్లి దారి పట్టాను. నిజాంసాగర్ కాలువకు నీళ్ళు వదిలిన వారం అది. ఆపరేటరు చెరుకుకు నీళ్ళు కడుతున్నాడు. మోకాళ్ళదాకా బురద, చేతిలో పార.

“ఏంది సార్, గింత దూరం? పొలంల గూడ నమూనా తీస్తరా?”

దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్క ఊపిరిలో చెప్పేశాను. “పటేలా, మూడింటి పరీక్ష, నాలుగింటి పరీక్ష నేను చెయ్యలే. ఉత్తగనే రాసిన. ఇయ్యాల పొద్దుగాల మీ తప్పు లేదని కాగితం రాసిచ్చిన. నన్ను మాఫ్ చెయ్యుండ్రి.”

ఆయన పారతో ఒక గండి కొట్టి, ఇంకొకటి పూడ్చాడు. నీళ్ళు పక్క సాలులోకి మళ్ళాయి.

“నాకు ఎర్కే,” అన్నాడు.

“ఎట్ల?”

“నువ్వు మూడింటికి రాలే. నాలుగింటికి రాలే. కుళాయి నా చేతుల ఉంటది. నీళ్ళు వట్టకుంట పరీక్ష ఎట్లయితది?” ఫ్యాక్టరీలో ‘సార్, మీరు’, పొలంలో ‘నువ్వు’. అది న్యాయమే అనిపించింది.

“మరి ఆ దినం ఎందుకు చెప్పలే?”

“చెప్పనా? నీ దిక్కు చూసిన గద. ఇంకెట్ల చెప్పాలె? సంతకం నీది, సదువు నీది. నా మాట ఎవడింటడు?” మళ్ళీ వంగాడు. “నువ్వు ఎందుకు రాలేదో గూడ ఎర్కే. ఊసబియ్యం తిన్న నాటి సంది నా ప్లాట్‌ఫారం నీకు ముల్లై కూసున్నది.”

దీనికి కూడా ఒక వాక్యం సిద్ధం చేసుకుని ఉన్నాను. అది నా దృష్టిలో ఆ రోజుకు చాలా గొప్ప వాక్యం. “గది నేను మనసుల పెట్టుకోలే పటేలా. మాఫ్ చేసిన.”

ఆయన నడుం ఎత్తి, పార మీద చెయ్యి ఆనించి, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

“నేనడిగిన్నా?”

నేను సాలులోని నీళ్ళ వైపు చూశాను.

“అడగంది ఇయ్యనీకి నువ్వేమన్న దొరవా? అడగనీకి వచ్చినవా, ఇయ్యనీకి వచ్చినవా? ఒక్కటి చెప్పు.”

“అడగనీకి.”

“అడిగినవ్ గద. ఇగ పో. నౌకరి వచ్చినంక చూస్తం. రాకుంటే నేను మాఫ్ చేసినా, చెయ్యకున్నా అంతే.”

తిరుగుదారిలో ఒళ్ళు మండింది. ఎడపల్లి దాటేసరికి మంట తగ్గింది. బోధన్ చేరేసరికి ఆయన చెప్పింది నిజమని తెలిసింది. నేను నిజంగా వదిలేసి ఉంటే ఆ మాట నోటితో చెప్పవలసిన పని లేదు. గంటగంటకూ ఆయన ప్లాట్‌ఫారం ఎక్కితే ఆయనకే తెలుస్తుంది. వదల్లేదు కాబట్టే వదిలేశానని చెప్పుకోవడానికి పది మైళ్ళు సైకిలు తొక్కాను.

వారం తిరిగేసరికి ఆపరేటరుకు పనిలోకి రమ్మని కాగితం వచ్చింది. నా షిఫ్టు బాధ్యత తీసేసి పరీక్షల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. రిజిస్టర్లన్నీ తనిఖీ చేశారు. మిగతా ఇద్దరు కెమిస్టులు నాతో మాట్లాడడం మానేశారు. “ఈయన ఒక్కడే స్వర్గానికి పోతాడంట, మనల్ని మెమోలతో ఇక్కడ వదిలేసి,” అని ఒకాయన వినబడేలా అన్నాడు. బాగానే అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే హక్కు లేదు.

నేను గంటగంటకూ ఇరవై ఆరు మెట్లు ఎక్కాను. ఆపరేటరు కుళాయి తిప్పేవాడు, సీసా చేతికిచ్చేవాడు, మొహం తిప్పుకునేవాడు. నెల గడిచింది. మీకు నిజం చెప్పాలంటే మొదటి పది రోజులూ ఎక్కినవి నా కాళ్ళే, నేను కాదు. ఆ తర్వాత ఎప్పుడో దోసిలి గుర్తుకు రాకుండానే పైకి చేరుతున్నానని గమనించాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం చీఫ్ కెమిస్టు ఏదో లెక్క అడిగి నన్ను ఆపేశారు. నాలుగు దాటి ఐదు నిమిషాలైంది. ల్యాబ్ తలుపు తోసుకుని ఆపరేటరే లోపలికి వచ్చాడు, చేతిలో నమూనా సీసాతో.

“ఏడున్నరు సార్? గడియారం మీకోసం ఆగుతదా? పట్టుండ్రి, చూడుండ్రి.”

ఆయన పక్కనే నిలబడగా పరీక్ష చేశాను. యాసిడ్ జారింది. రెండు పొరల మధ్య సన్నగా, వెంట్రుకంత ఊదారంగు ఉంగరం తేలింది. ఇద్దరం ఒకేసారి చూశాం. ఆయన అప్పటికే తలుపు దాటి పరుగెత్తాడు. నీళ్ళు మోరీలోకి మళ్ళాయి. బాయిలరుకు ఏమీ కాలేదు. మిల్లు ఆగలేదు. ఆ గడిలో నేను ‘ఉంది’ అని రాశాను.

ఐదింటికి మళ్ళీ మెట్లు ఎక్కాను. నీళ్ళు శుభ్రపడ్డాయి. ఆపరేటరు కుళాయి కట్టేసి, చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ అన్నాడు: “ఆ దినం పొలంల అడిగినవ్ గద. చేసిన.”

నేను తల ఊపాను.

“ఇగ నాది,” అన్నాడు. ఎవాపరేటర్ హోరులో ఆ మాట వినడానికి దగ్గరికి జరగవలసి వచ్చింది. “మా అవ్వ పాతకాలపు మనిషి, ఆమెకు తెల్వది. నాకు తెల్సు. చెవుల చెప్పింది నేను. నువ్వు గూడ మాఫ్ చెయ్యి.”

అడగకముందు అంత సులువుగా ఇచ్చేసిన మాట, అడిగాక నోటికి రాలేదు. ప్లాట్‌ఫారం రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. పొలంలో అన్నది ఒక వాక్యం. ఇప్పుడు ఇవ్వవలసింది వాక్యం కాదు. ఆయన తొందరపెట్టలేదు. గేజీలు చూసుకుంటూ ఉన్నాడు.

“చేసిన అన్నా,” అన్నాను. అప్పటిదాకా నేనాయన్ని ‘అన్నా’ అని పిలవలేదు.

“సరే. ఆరింటికి జల్ది రా,” అన్నాడు.

తర్వాతి సిద్ధపాటు శనివారం అయ్యగారు అడిగిన తర్వాత, నేను జవాబు చెప్పిన తర్వాత, నా పేరు పక్కన గుర్తు పెట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ పట్టికలో నా గడి నేను నింపుకోలేదు, పక్కవాళ్ళ చేతికి కలం ఇచ్చాను. కొందరు దాన్ని వినయం అన్నారు. కాదు, జాగ్రత్త.

క్షమాపణ దొరికితే జరిగింది జరగనట్టవుతుందని మీలో ఎవరైనా అనుకుంటుంటే, దానికి నేను సాక్ష్యం చెప్పలేను. నన్ను క్షమించారు, దేవుడూ ఆపరేటరూ ఇద్దరూ. ఆ తర్వాత పదకొండు సీజన్లు మేమిద్దరం ఒకే షిఫ్టులో పనిచేశాం. ఆయన ఆ ప్లాట్‌ఫారం మీదే రిటైరయ్యాడు. అయినా ఆయన సర్వీసు పుస్తకంలో ఒక ఖాళీ ఉంది. దాన్ని ఎవరూ నింపలేరు, నింపకూడదు కూడా. ఆయన పనికి దూరంగా ఉన్నది పద్దెనిమిది రోజులు. అందులో నేను నోరు విప్పనివి పదకొండు.